ఎఱ్ఱగుడి బండ, ఎద్దుల చాలు

ఉదాహరణలు చూపకుండానే యంత్రానికి చదువు నేర్పవచ్చునంటే ఆదోనిలోని నా ఈడు మిత్రులు నమ్మరు. వారికి నేను ఎఱ్ఱగుడి కథ చెబుతుంటాను.

మా ఆదోనికి ఆగ్నేయంగా, పత్తికొండ దాటి గుత్తి వెళ్ళే దారిలో ఉన్నది ఎఱ్ఱగుడి. అక్కడి అశోకుని శాసనాలను 1929లో భూగర్భ శాస్త్రవేత్త అను ఘోష్ కనుగొన్నాడు. ఆ బ్రాహ్మీలిపి గుట్టును 1837లోనే జేమ్స్ ప్రిన్సెప్ విప్పాడు. సాంచీ రాతికంచె మీది చిన్న శాసనాలు అనేకం ఒకే రెండక్షరాలతో ముగియడం ఆయన గమనించాడు. స్తంభమో పలకో ఇచ్చినవారు చివర ఏమని చెక్కించుకొంటారు? “దానం” అని! (మన గుళ్ళలో ట్యూబులైటు మీద కూడ దాత పేరుంటుంది కదా.) ఆ ఊహతో ద, న అక్షరాలు చిక్కాయి.

ఎఱ్ఱగుడిలో మరొక చిక్కు. లఘు శిలాశాసనంలో కొన్ని పంక్తులు కుడినుండి ఎడమకు, చాలు చివర మళ్ళిన ఎద్దులవలె నడుస్తాయి. అక్షరాలూ ప్రాకృతమూ ముందే తెలిసినవారు గనుక పండితులు దానినీ చదివారు.

యంత్రాల సంగతీ ఇంతే. 2009లో లాంపర్ట్ బృందం, ఒక్క చిత్రమైనా చూపని జంతువులను లక్షణాలు మాత్రమే చెప్పి గుర్తింపజేసింది. అయితే అంతకుముందు వేరే జంతువుల చిత్రాలు వేలకొద్దీ చూపింది.

కనుక ఆదోని తెలుగును యంత్రం పుస్తకాల తెలుగునుండే ఊహించుకొంటుందనే మాటను నేను సగమే ఒప్పుకొంటాను. దానమనే మాట పండితులు ఎరిగినదే. మగ్గం గుంటలోనే పుట్టి, అక్కడే మిగిలిన మాటకు అటువంటి పూర్వపరిచయం ఎక్కడిది? దానిని ఎమ్మిగనూరు నేతగాండ్ర నోట విని వ్రాసుకోవలసినదే.