కొంబు రుచి, గోధుమ జిగురు

మిసో సూప్ గిన్నెలోకి తొంగిచూస్తే నాలుగు టోఫూ ముక్కలు, కాస్త ఉల్లికాడ తరుగు, తేలే నాచు రేకులు కనిపిస్తాయి. మాంసం ముట్టనివారు నిశ్చింతగా తాగేయొచ్చు అనిపిస్తుంది. కానీ ఆ చారుకు ప్రాణమైన ‘దాషి’ని మామూలుగా కాచేది కత్సువోబుషితో. ట్యూనా జాతి చేపను ఉడికించి, పొగబెట్టి, కొయ్యంత గట్టిపడేదాకా ఎండబెట్టి, చిత్రిక లాంటి పనిముట్టుతో పలచటి పొరలుగా గీరితే వచ్చేది అది. పక్కన చిట్టి గిన్నెలో సోయా సాస్. పేరుకు సోయానే గానీ, మామూలు రకంలో సోయాకు దాదాపు సమానంగా గోధుమ పడుతుంది. జపాన్ భోజనంలో చేప, గోధుమ ఇలా చాటుగా ఉంటాయి. చేప లేకుండా ఆ రుచి తేవడం, గోధుమలోని ముప్పు పసిగట్టడం మనుషులకు ఒక్కరోజులో చేతనైన పనులు కావు.

1223లో దోగెన్ అనే యువ భిక్షువు జపాన్ నుంచి చైనా వెళ్లాడు. ఓడ ఇంకా రేవులోనే ఉండగా ఒక ముసలాయన ఎక్కాడు. దూరాన ఉన్న మఠంలో వంటపెద్ద ఆయన. జపాన్ పుట్టగొడుగుల కోసం అంత దూరం నడిచి వచ్చాడట. “ఈ వయసులో ధ్యానం చేసుకోక వంటగదిలో ఈ తిప్పలెందుకండీ?” అని దోగెన్ అడిగితే ఆయన పకపకా నవ్వాడు. సాధన అంటే ఏమిటో నీకింకా తెలియలేదు నాయనా అన్నది ఆ నవ్వుకు అర్థం. ఆ మాట దోగెన్ మనసులో నాటుకుపోయింది. 1237లో ఆయన మఠాల వంటవారి కోసమే ‘టెంజో క్యోకున్’ అనే పుస్తకం రాశాడు. చేప, మాంసం లేని ఆ మఠాల వంటకే ‘షోజిన్ ర్యోరి’ అని పేరు. అక్కడ దాషికి కొంబు అనే సముద్రపు నాచు, ఎండబెట్టిన షిటాకే పుట్టగొడుగులు వాడతారు. రెండూ కలిస్తే రుచి ఎందుకంత పెరుగుతుందో మాత్రం వందల ఏళ్లపాటు ఎవరికీ తెలియలేదు.

సోయా సాస్ పుట్టుకకూ ఒక భిక్షువు కథ ఉంది. 1254లో చైనా నుంచి తిరిగొచ్చిన కాకుషిన్ అక్కడి మిసో తయారీని నేర్పాడనీ, యువాసా ఊళ్లో ఆ మిసో పీపాల అడుగున ఊరిన నల్లటి రసమే ‘తమారి’ అయిందనీ చెబుతారు. తమారిలో దాదాపు అంతా సోయానే. వేయించిన గోధుమ కలిపి సువాసన పెంచిన రకం జపాన్ చరిత్రలోని ‘ఎదో’ యుగంలో జనాన్ని ఆకట్టుకుని, తమారిని ఓ మూలకు నెట్టేసింది.

ఇక 1907కి వద్దాం. టోక్యో విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర ఆచార్యుడు కికునే ఇకెడా. జర్మనీలో చదివి, లండన్‌లో కొన్నాళ్లు నవలాకారుడు సోసెకితో ఒకే ఇంట్లో ఉండి వచ్చిన మనిషి. కొంబు దాషి తాగినప్పుడల్లా ఆయన్ని ఒకటే ప్రశ్న వేధించేది. ఇది తీపి కాదు, పులుపు కాదు, ఉప్పు కాదు, చేదు కాదు. మరేమిటి? పన్నెండు కిలోల కొంబుతో పని మొదలైంది. వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీటిని ఇగరబెట్టాడు. ముందు ఉప్పు తేలింది. తర్వాత మానిటాల్ అనే తియ్యటి పదార్థం తేలింది. అవన్నీ తీసేసినా మిగిలిన నీళ్లలో ఆ రుచి అలాగే ఉంది. ఒక్కోటి తొలగిస్తూ, నాలుక మీద వేసి చూస్తూ ముందుకు సాగాడు. 1908లో చివరికి దక్కింది ముప్పై గ్రాముల గ్లుటామిక్ ఆమ్లం. ఆ రుచికి ‘ఉమామి’ అని పేరు పెట్టాడు.

చమత్కారం ఏమిటంటే, ఆ ఆమ్లం కొత్తది కాదు. 1866లోనే రిట్‌హౌసెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త దాన్ని గోధుమ నుంచి తీశాడు. గోధుమపిండి ముద్దను నీళ్లలో పిసుకుతూ పోతే పాలలాంటి గంజి కారిపోయి చేతిలో సాగే జిగురు మిగులుతుంది. అదే గ్లూటెన్. 1909లో అజినొమోటో పేరుతో ఉమామి పొడి బజారుకెక్కినప్పుడు, దాన్ని చేసింది కొంబుతో కాదు, ఈ జిగురును ఆమ్లంలో ఉడకబెట్టి. మన నూడుల్స్ బండి మీద చల్లే టేస్టింగ్ సాల్ట్ ఇదే. ఇప్పుడు చెరకు మడ్డి వంటివాటిని పులియబెట్టి చేస్తున్నారు.

ఇకెడా శిష్యుడు కొడామా 1913లో ఎండుచేప రుచికి మూలం ఇనోసినేట్ అని తేల్చాడు. 1957లో అకిరా కునినాకా గ్వానిలేట్ అనే పదార్థానికీ ఉమామి రుచి ఉందని గుర్తించాడు. ఎండు షిటాకేలో దండిగా ఉండేది అదే. కొంబులోని గ్లుటమేట్‌తో కలిస్తే రెంటి రుచీ కలిపినదానికన్నా ఎన్నో రెట్లు పెరుగుతుందనీ ఆయనే చూపించాడు. చేప చేసే పనిని పుట్టగొడుగు ఎలా చేస్తుందో అప్పటికి తేలింది.

గోధుమ గుట్టు మాత్రం ఐరోపాలో వీడింది. కడుపు ఉబ్బి, ఒళ్లు కృశించి, విరేచనాలతో పిల్లలు చనిపోయే సీలియాక్ జబ్బు గురించి 1888లో లండన్ డాక్టర్ శామ్యూల్ గీ రాశాడు. నయమైతే తిండితోనే నయం కావాలన్నాడు. ఒక బిడ్డకు రోజూ డచ్చి ఆల్చిప్పలు పెడితే బాగా కోలుకుంది. వాటి కాలం అయిపోగానే జబ్బు తిరగబెట్టింది. 1924లో అమెరికాలో డాక్టర్ హాస్ రొట్టె మాన్పించి అరటిపళ్లు పెట్టాడు. పిల్లలు బతికారు, పేరు అరటికి వచ్చింది. రొట్టె మానడమే మందని ఎవరికీ తట్టలేదు!

తట్టింది నెదర్లాండ్స్‌లోని విల్లెమ్ డికెకి. రొట్టె మానేస్తే తన బిడ్డ ఒంటి మీది దద్దు తగ్గిందని ఒక తల్లి చెప్పిన మాటను ఆయన కొట్టిపారేయలేదు. 1930ల నుంచే గోధుమ మాన్పించి చూశాడు. 1944-45 చలికాలంలో నాజీల దిగ్బంధంతో దేశం ఆకలితో అల్లాడింది. జనం తులిప్ దుంపలు ఉడికించుకు తిన్నారు. అంత కరువులోనూ సీలియాక్ పిల్లలు తేరుకున్నారు, రొట్టె తిరిగి రాగానే మళ్లీ పడిపోయారు. కరువే ఈ రహస్యం చెప్పిందని అంటుంటారు. నిజానికి డికె అనుమానం అంతకు చాలా ముందుది, కరువు సాక్ష్యం పలికిందంతే. తర్వాత వాన్ డి కామర్, వైయర్స్‌తో కలిసి మలంలో కొవ్వు కొలిచి లెక్క తేల్చారు. గోధుమపిండి నుంచి కారిపోయే గంజి హాని చేయదు, మిగిలే జిగురుతోనే ముప్పు. 1950లో డికె పరిశోధన గ్రంథం వెలువడింది.

ఈ రెండు కథలూ జపాన్ హోటల్ బల్ల దగ్గర కలిసేటప్పుడు ఒక చిక్కు ఉంది. షోజిన్ భోజనం వీగన్లకు చక్కటి ఆశ్రయమే గానీ, అందులో ఇష్టంగా వాడే ‘ఫు’ అచ్చంగా గోధుమ జిగురే. కాబట్టి చేప, గోధుమ రెండూ మానినవారు వేరువేరుగా అడగాలి. దాషి కొంబు, షిటాకేలతో కాచిందేనా? సాస్ గోధుమ లేని తమారియేనా? మిసోలో బార్లీ ఉందా? సోబా నూడుల్స్ అయితే, పూర్తిగా బక్‌వీట్‌తో చేసినవైనా గోధుమ నూడుల్స్ ఉడికిన నీళ్లలోనే వేస్తారేమో కనుక్కోవాలి. ప్యాకెట్ల మీద గోధుమ ఉన్నట్టు రాసి తీరాలని జపాన్ చట్టం చెబుతోంది. హోటళ్లకు ఆ నిబంధన లేదు.