‘ఆస్క్’ అనే చిన్న మాటకి వెయ్యేళ్ళ చరిత్ర

ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క ఇంగ్లీష్ మాట మీద. ఆస్క్. అంటే అడగడం. ‘ఇందులో ఏముంది, ఎల్‌కేజీలోనే వచ్చేసింది కదా’ అనుకుంటున్నారా? సరే, మేనేజర్‌కి లీవ్ కోసం మెయిల్ రాయండి చూద్దాం. ఐ ఆస్క్ అని రాస్తారా? రాయరు. వేలు ఆగిపోతుంది. ‘ఐ రిక్వెస్ట్’ అని మారుస్తారు, దానికి ముందు ఓ ‘కైండ్లీ’ తగిలిస్తారు. ఫ్రెండ్‌ని ఆస్క్ చేస్తాం, ఆఫీసర్‌ని రిక్వెస్ట్ చేస్తాం, దొంగని పోలీసులు ఇంటరాగేట్ చేస్తారు. మూడింట్లోనూ జరిగే పని అడగడమే. మరి ఒకటి మామూలుగా, ఒకటి మర్యాదగా, ఒకటి భయంగా ఎందుకు వినిపిస్తుంది? నేను పిల్లలకి స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తుంటాను కాబట్టి ఈ ప్రశ్న నాకు రోజూ ఎదురవుతుంది. జవాబు గ్రామర్ పుస్తకంలో లేదు, చరిత్రలో ఉంది.

1066 అక్టోబర్ 14. ఇంగ్లాండ్‌లో హేస్టింగ్స్ దగ్గర యుద్ధం. ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి వచ్చిన విలియం గెలిచాడు, అదే సంవత్సరం రాజయ్యాడు. అక్కడ నుంచి దాదాపు మూడొందల ఏళ్ళు ఇంగ్లాండ్‌లో రాజు గారి సభలో, జమీందార్ల ఇళ్ళల్లో, కోర్టుల్లో నడిచింది ఫ్రెంచ్. చర్చిలో, రికార్డుల్లో లాటిన్. పొలం దున్నేవాడు, రొట్టె కాల్చేవాడు మాట్లాడింది ఇంగ్లీష్. ఆస్క్ వీళ్ళ మాట, ఆ మట్టిలో పుట్టిన పాత మాట. క్వశ్చన్, రిక్వెస్ట్, ఎంక్వైర్, డిమాండ్ ఇవన్నీ ఫ్రెంచ్ దారిలో దిగాయి. ఇంటరాగేట్ లాటిన్ నుంచి, చదువుకున్నవాళ్ళ కలంలోంచి వచ్చింది.

అంటే మెయిల్ రాసేటప్పుడు మన వేలు ఆగింది చూశారా, అది 1066 దగ్గర ఆగింది!

ఇంకో తమాషా. క్వశ్చన్, రిక్వెస్ట్, ఎంక్వైర్, రిక్వైర్ ఇవన్నీ ఒకే లాటిన్ క్రియ పిల్లలు. ఆ క్రియ పేరు క్వేరెరె, అర్థం వెతకడం, అడగడం. ఆ ఇంట్లోనే ఇంకో పిల్ల ఉంది, కాంక్వెస్ట్. అంటే దండయాత్ర చేసి గెలుచుకోవడం. నార్మన్ కాంక్వెస్ట్ అనే పేరులోనే ‘అడగడం’ దాక్కుని ఉందన్నమాట. కత్తి పట్టుకుని అడిగితే ఎవరు కాదంటారు లెండి.

డిమాండ్ సంగతి చూడండి. ఫ్రెంచ్‌లో ‘దుమాందే’ అంటే ఈరోజుకీ మామూలుగా అడగడమే. టైమెంతైందో అడిగినా అదే మాట. కానీ ఇంగ్లీష్‌లోకి వచ్చాక కోర్టుల్లో తిరిగి తిరిగి ‘నా హక్కు ఇది, ఇవ్వాల్సిందే’ అనే గట్టిదనం తెచ్చుకుంది. అందుకే ఎవరైనా ఫ్రెంచ్ ఆయన మీతో ఇంగ్లీష్‌లో ‘ఐ డిమాండ్’ అంటే వెంటనే కోపం తెచ్చుకోకండి, పాపం ఆయన అడుగుతున్నాడంతే.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన సీన్. 1362. మూడో ఎడ్వర్డ్ రాజు కాలం. ఒక చట్టం చేశారు. ఇక మీద కోర్టుల్లో వాదనలు ఇంగ్లీష్‌లో జరగాలని. కారణం కూడా అందులోనే రాసుకున్నారు. జనానికి ఫ్రెంచ్ రాదు, తమ తరఫున ఏం మాట్లాడుతున్నారో, తమకి వ్యతిరేకంగా ఏం మాట్లాడుతున్నారో వాళ్ళకి తెలియడం లేదు అని. ఒక్కసారి ఊహించుకోండి. మీ పొలం గురించి కేసు. మీరు అక్కడే నిలబడ్డారు. లాయర్లిద్దరూ గట్టిగా వాదించుకుంటున్నారు. పొలం ఉందో పోయిందో వాళ్ళ మొహాలు చూసి కనిపెట్టాలి. అందుకోసమే ఆ చట్టం. మరి దాన్ని ఏ భాషలో రాశారు? ఫ్రెంచ్‌లో! పైగా రికార్డు లాటిన్‌లోనే రాయాలన్నారు. కోర్టు కాగితాలు పూర్తిగా ఇంగ్లీష్‌లోకి రావడానికి 1733 దాకా పట్టింది.

ఇంగ్లాండ్ వాళ్ళని చూసి నవ్వే ముందు మన ఇంటి సంగతి చూద్దాం. తెలుగులోనూ అడగడానికి అంతస్తులున్నాయి. అడుగు అనేది మన సొంత మాట, ద్రావిడ మాట. ప్రశ్నించడం, విచారించడం, అభ్యర్థించడం సంస్కృతం. వాకబు, దర్యాప్తు, అర్జీ ఇవి పర్షియన్, ఉర్దూ దారిలో, గోల్కొండ నవాబుల దగ్గర నుంచి నిజాం దాకా కచేరీల్లో నడిచిన మాటలు. ‘పోలీసులు అడిగారు’ అంటే ఏదో అడ్రస్ అడిగినట్టుంటుంది. ‘పోలీసులు విచారించారు’ అంటే కడుపులో చెయ్యి పెట్టినట్టుంటుంది. నిజాం రాజ్యంలో ఎక్కువమంది ఇంటి భాష తెలుగు, సర్కారు భాష ఉర్దూ. ఉర్దూ రాని రైతు అర్జీ పెట్టుకోవాలంటే రాసిపెట్టేవాడిని వెతుక్కోవాలి. 1362 నాటి ఆ పొలం మనిషికి ఈయన దూరపు చుట్టమేమీ కాదు.

అంత వెనక్కెందుకు? రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం పార్లమెంటు వేరేగా చట్టం చేస్తే తప్ప సుప్రీంకోర్టు, హైకోర్టుల కార్యకలాపాలు సాధారణంగా ఇంగ్లీష్‌లోనే. హైకోర్టులో వేసే రిట్ పిటిషన్ చివర ‘ప్రేయర్’ అని ఒక భాగం ఉంటుంది. జడ్జిగారిని ఏం కోరుతున్నామో అక్కడ రాస్తారు. దేవుడికీ దానికీ సంబంధం లేదు. ప్రే అనేది కూడా ఫ్రెంచ్ నుంచి వచ్చిన ‘అడగడమే’. ఒకప్పుడు ఇంగ్లీష్‌లో మనుషుల్ని కూడా ప్రే చేసేవాళ్ళు, తర్వాత అది ఎక్కువగా దేవుడికే మిగిలింది. కోర్టు మాత్రం పాత అర్థాన్ని వదల్లేదు.

వాడుక గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్తా. ‘ఆస్క్ టు హిమ్’ అనకండి, ‘ఆస్క్ హిమ్’ చాలు. మధ్యలో టు అక్కర్లేదు, ‘అతన్ని అడుగు’ అంటాం కదా, అలాగే. ఇక ‘డౌట్ అడగడం’ మన దేశంలో అందరికీ అర్థమవుతుంది. బయట దేశం వాళ్ళతో మాత్రం ‘ఐ హ్యావ్ ఎ క్వశ్చన్’ అనండి. డౌట్ అంటే ‘నిన్ను నమ్మట్లేదు’ అనుకునే ప్రమాదం ఉంది.

అసలు విషయం చివరికి దాచాను. అమెరికన్ సినిమాల్లో, కాల్ సెంటర్ కాల్స్‌లో కొందరు ఆస్క్‌ని ‘ఆక్స్’ అనడం వినుంటారు. ఆఫ్రికన్ అమెరికన్లలో, కరీబియన్ వాళ్ళలో ఎక్కువగా వినిపిస్తుంది. దాన్ని వెక్కిరిస్తారు, చదువు లేదని తేల్చేస్తారు. మనవాళ్ళు కూడా హెడ్‌ఫోన్ తీసి నవ్వుకుంటారు. ఇదెక్కడి న్యాయం? వెయ్యేళ్ళ నాటి పాత ఇంగ్లీష్‌లోనే ఈ మాటకి రెండు రూపాలూ ఉన్నాయి. స ముందు, క ముందు, రెండూ రాసేవాళ్ళు. 1400లో చనిపోయిన మహాకవి చాసర్ కాంటర్‌బరీ టేల్స్‌లో ఆక్స్ ఉంది. 1535లో ఇంగ్లీష్‌లో మొట్టమొదట పూర్తిగా అచ్చయిన కవర్‌డేల్ బైబిల్లో ఆక్స్ ఉంది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ వచ్చేసరికి ఆస్క్. క్రమంగా లండన్ పెద్దమనుషుల నోట, అచ్చు పుస్తకాల్లో ఆస్క్ గెలిచింది. ఆక్స్ మాత్రం పల్లెల్లో బతికింది, ఓడలెక్కి అమెరికా కూడా వెళ్ళింది. మాటలో తప్పేమీ లేదు, ఎవరి నోట మిగిలిందన్నదే దాని ఖర్మ అయింది. ఆ ఒక్క మాటకి ఇంటర్వ్యూలో తక్కువగా చూస్తే, నష్టపోయేది ఉద్యోగం.

అయినా అక్షరాలు తారుమారవడం మనకేం కొత్త? తమిళంలో ఉరల్, మనకి రోలు. తమిళంలో అవన్, మనకి వాడు. మొదట్లో ఉన్న అచ్చు లోపలికి జరిగిపోయింది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఇలాంటి మార్పుల్ని జీవితమంతా పరిశోధించారు. రోలు అన్నందుకు మనల్ని ఎవరూ వెక్కిరించరు, ఎందుకంటే ఇక్కడ అందరూ రోలే అంటారు.

వచ్చే ఎపిసోడ్‌లో టెల్, సే, స్పీక్ పట్టుకుందాం. అప్పటిదాకా ఉంటా మరి, బై.