ఎవరి కళ్లు కొలిచిన వయసు?

మహబూబ్ అలీ పాషా 1869 ఫిబ్రవరిలో ఆసఫ్‌జాహీ గద్దెనెక్కాడు. అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు. తలకు దస్తార్ చుట్టినా పిల్లవాణ్ని పిల్లవాడిగానే చూశారు. పాలన మొదటి సాలార్‌జంగ్, షంసుల్ ఉమ్రా చేతుల్లో నడిచింది. పూర్తి అధికారాలు ఆయన చేతికొచ్చింది 1884లో, పదిహేడేళ్లు నిండాక. ఒక పిల్లవాడు ఎదిగేదాకా ఒక రాజ్యం పదిహేనేళ్లు ఆగింది. పాతబస్తీలో బాల్యానికి అంత మర్యాద దక్కింది హవేలీలోనే. గల్లీలో కాదు.

1948 పోలీస్ యాక్షన్, 1949 జాగీర్ల రద్దు తర్వాత కొలువుల మీద బతికిన కుటుంబాలు వీధిన పడ్డాయి. 1970లలో చమురు ధర పెరిగింది. నిజాం ఫౌజుల్లో పనిచేసిన అరబ్బుల వారసులు బార్కస్‌లో ఉన్నారు గనుక ఆ దేశాలతో ఈ ఊరికి చుట్టరికం పాతదే. ఆ దారినే గల్ఫ్ నౌకరీలు వచ్చాయి. ఆ దారినే ముసలి పెళ్లికొడుకులూ వచ్చారు. సాగర్ సర్హదీ 1982లోనే 'బాజార్' సినిమా తీసి చూపించాడు.

1991 ఆగస్టులో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో ఒక పిల్ల ఏడుస్తోంది. పదేళ్లది. పక్కన అరవై ఏళ్ల సౌదీ 'భర్త'. ఎయిర్ హోస్టెస్ అమృతా అహ్లువాలియా ఆగి, ఎందుకేడుస్తున్నావని అడిగింది. ఢిల్లీలో పోలీసులు అతన్ని పట్టుకున్నారు. తర్వాత బెయిలు మీద బయటికొచ్చి దేశం దాటిపోయాడు. ఆ పిల్ల పేరు మాత్రం దేశమంతా తెలిసిపోయింది. ఇక్కడ రాయను.

నికా చదివినవాళ్లు, సాక్షులు, టికెట్లు చూసినవాళ్లు - ఇంతమంది కళ్ల ముందునుంచే ఆ పిల్ల నడిచి వెళ్లింది. పేదింటి ఆడపిల్ల కాస్త ఒళ్లు చేస్తే చాలు, 'సయానీ హో గయీ' అంటారు. బుర్ఖా వేస్తే ఆ మాటకు రుజువు దొరికినట్టే. 2017లో పాతబస్తీ పోలీసులు ఒమన్, ఖతర్ దేశస్థులను, కాజీలను అరెస్టు చేశారు. ఇరవై ఆరేళ్లకు కూడా ఆ బేరం మూతపడలేదన్నమాట.

తప్పు మాలో ఉంది. దాచను. కానీ ఆనాడు చాలామంది దాన్ని పేదరికం కథగా చదవలేదు, మతం కథగా చదివారు. ఉమ్మడి పౌరస్మృతి చర్చ లేవదీశారు. బాల్యవివాహాల చట్టం 1929 నుంచీ ఉంది. ఆడపిల్లకు పద్దెనిమిదేళ్లని 1978లో సవరించారు. అయినా తెలంగాణ పల్లెల్లో హిందూ పిల్లల పెళ్లిళ్లు ఆగలేదు. అక్కడ ఎవరూ మతాన్ని నిలదీయలేదేం?

మగపిల్లల సంగతీ అంతే. మూతిమీద నూగుమీసం, తలమీద టోపీ ఉంటే పదిహేనేళ్లవాడు పోలీసు కంటికి ఇరవై ఏళ్లవాడు. 'ఆపరేషన్ చబుత్రా' పేరిట రాత్రిపూట అరుగుల మీది కుర్రాళ్లను స్టేషన్లకు తీసుకుపోయి, అమ్మానాన్నలను పిలిపించారు. ఇరుకింట్లో ఎనిమిది మంది పడుకునేవాడికి అరుగే వరండా అని ఎవరు ఆలోచించారు? 2015 జనవరిలో భవానీనగర్ వైపు గాజుల కార్ఖానాల్లో రెండు వందలకు పైగా పిల్లలు బయటపడ్డారు. ఎక్కువమంది బీహార్‌వాళ్లు. వాళ్ల లేత వేళ్లు యజమానులకు పనిముట్లుగా కనిపించాయి గానీ పిల్లల వేళ్లుగా కనిపించలేదు. ఆ యజమానుల్లో మనవాళ్లు లేరా?

2015 నాటి బాలల న్యాయ చట్టంలో 94వ సెక్షన్ ఉంది. చూడగానే పిల్లవాడని తేలితే, మరే కాగితం కోసం ఆగకుండా అలాగే నమోదు చేయమంటుంది. అనుమానముంటే బడి రికార్డు, జనన ధ్రువపత్రం చూడాలి. అవేవీ లేకపోతేనే ఎముకల పరీక్ష. అంటే రూపాన్ని పిల్లవాడికి అనుకూలంగా చూడమంది చట్టం. దలాలూ, యజమానీ, పోలీసూ తమకు అనుకూలంగా చూస్తున్నారు.

కాబట్టి మొదటి పని మన చేతుల్లోనే ఉంది. పుట్టిన రోజే మునిసిపాలిటీలో పేరు రాయించాలి. బడిలో సరైన తేదీ వేయించాలి. నికా చదివే కాజీ సాబ్ ముందు ఆ కాగితం అడగాలి. అది చూపకపోతే లేచి వెళ్లిపోవాలి. సాక్షులూ లేచి వెళ్లిపోవాలి.