పాతబస్తీ కింద రాయి

మక్కా మసీదుకి వెళ్ళినవాళ్ళంతా పావురాలకి ఫొటోలు తీసుకుని వచ్చేస్తారు. ఈసారి వెళితే గోడ మీద ఓసారి చెయ్యి పెట్టి చూడండి. ఆ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. మసీదు పని 1617లో మహమ్మద్ కుతుబ్ షా మొదలెడితే 1694లో ఔరంగజేబు పూర్తి చేయించాడు. 77 ఏళ్ళు! మన ప్రాజెక్టులే నయం :)

భూమి లోపల ఎక్కడో లోతున కరిగి ఉన్న ముద్ద నెమ్మదిగా చల్లారి ఈ రాయి అయింది. పైనున్న పొరలు కోట్ల ఏళ్ళలో కొట్టుకుపోయాక బయటపడింది. బీటల్లోకి నీళ్ళు దిగి, మూలలు అరిగి, ఊరి చుట్టూ కనిపించే ఆ గుండ్రటి బండలు మిగిలాయి.

అయితే ఈ రాయి నీళ్ళు తాగదు. పైనున్న పలచటి మట్టి తడిశాక, మిగతా వానంతా పల్లానికే. అందుకే మనవాళ్ళు అడుగడుగునా చెరువులు కట్టుకున్నారు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి దాదాపు 15 వేల మంది పోయారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి దగ్గర ఓ చింతచెట్టెక్కి 150 మంది బతికారని చెప్తారు. మరుసటి ఏడాది వచ్చిన విశ్వేశ్వరయ్యగారు లెక్క తీస్తే, పైన 788 చెరువుల్లో 221 తెగిపోయాయని తేలింది. ఆయన సలహాతోనే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి.

ఆ రెండూ ఊరికి ఎగువన మూసీని, ఈసీని ఆపుతాయి. ఊళ్ళో పడ్డ వానని ఆపాల్సింది ఊళ్ళో చెరువులే కదా! 2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చాయి. అందరం వానని తిట్టుకున్నాం. చెరువు శిఖాల్లో ప్లాట్లు కొన్నది మాత్రం వాన కాదు.