హిప్పార్కస్ ఒప్పుకోని లెక్క

క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం. ఏజియన్ సముద్రంలో రోడ్స్ దీవి. చీకటి పడ్డాక తూర్పున కుజుడు ఎర్రగా లేచాడు. నెలల తరబడి నక్షత్రాల మధ్య తూర్పుకు జరుగుతూ వచ్చినవాడు ఆమధ్య నిలిచిపోయాడు. ఇప్పుడు పడమటికి మళ్లాడు. మన పంచాంగకర్తలు ‘వక్రించడం’ అనేది దీన్నే. రెప్ప వేయకుండా చూస్తున్నవాడు నైసియా నగరంలో పుట్టిన హిప్పార్కస్.

సూర్యుడి లెక్క అతను తేల్చేశాడు. వసంత విషువత్తు నుంచి ఏడాదిలో అతి పొడవైన పగటి దాకా 94½ రోజులు. అక్కడి నుంచి శరద్విషువత్తుకు 92½ రోజులే. ఒకే వేగంతో తిరిగే సూర్యుడికి ఈ తేడా ఎక్కడిది? భూమిని సూర్యుడు తిరిగే వృత్తకేంద్రం నుంచి వ్యాసార్ధంలో 24వ వంతు పక్కకు జరిపాడు. కుదిరింది! చంద్రగ్రహణాల ఆసరాతో చిత్త నక్షత్రం స్థానాన్ని కొలిచి, అలెగ్జాండ్రియాలో తిమోఖారిస్ వదిలివెళ్లిన పాత కొలతతో పోల్చాడు. ఆకాశంలో శరద్విషువత్తు బిందువుకు అప్పుడు 8 డిగ్రీల దూరం, ఇప్పుడు 6. విషువత్తే కదులుతోందని గ్రహించాడు.

మిగిలింది గ్రహాలు. పెద్ద వృత్తం మీద చిన్న వృత్తం, దాని మీద గ్రహం: ఈ అమరికలో వక్రగతి ఎలా పుడుతుందో పెర్గా వాడైన అపోలోనియస్ అప్పటికే చూపించాడు. అందమైన ఊహే. కానీ దాని ప్రకారం వక్రాలన్నీ ఒకే పొడవుండాలి. ఆకాశంలో కుజుడి వక్రం ఒకచోట దాదాపు 10 డిగ్రీలు, మరోచోట 20కి దగ్గర.

హిప్పార్కస్ అంతటివాడు ఏదో ఒక సర్దుబాటు చేసి సిద్ధాంతం ప్రకటిస్తే లోకం నమ్మేది. అతను ఆ పని చేయలేదు. గ్రహాల పరిశీలనలను వాడుకునేందుకు వీలుగా క్రమంలో పెట్టాడు, అప్పటి సిద్ధాంతాలు వాటితో పొసగవని నిరూపించాడు, అక్కడితో ఆగాడు. పూర్వుల నుంచి అతనికి అందిన కొలతలు చాలవు. విషువత్తు చలనాన్ని కనిపెట్టడం కన్నా ఈ ఆగడమే గొప్పదని నాకనిపిస్తుంది.

ఈ సంగతి మనకు చెప్పినవాడు అలెగ్జాండ్రియా టోలెమీ. క్రీ.శ. 150 ప్రాంతంలో రాసిన ‘అల్మజెస్ట్’లో హిప్పార్కస్‌ను సత్యప్రియుడన్నాడు. ఆ తర్వాత తానే పూనుకున్నాడు. పెద్ద వృత్తం కేంద్రానికి ఒక పక్క భూమి, రెండో పక్క అంతే దూరంలో మరో బిందువు. చిన్న వృత్తం ఆ బిందువు నుంచి చూసినప్పుడే సమవేగంతో సాగుతుందన్నాడు. కుజుడి వక్రాలు ఒక్కొక్కటి ఒక్కో పొడవు ఎందుకో ఆ లెక్కలో తేలింది.