ఓటెయ్యని 63 శాతం

2016 అక్టోబర్ 2న కొలంబియా ప్రభుత్వం ఫార్క్ గెరిల్లాలతో చేసుకున్న శాంతి ఒప్పందం కావాలా వద్దా అని జనాన్ని అడిగింది. సుమారు 54 వేల ఓట్ల తేడాతో ‘వద్దు’ గెలిచింది. ఒప్పందం చేసిన అధ్యక్షుడు సాంతోస్, దాన్ని వ్యతిరేకించిన మాజీ అధ్యక్షుడు ఉరిబే ఎంత వాదించుకున్నా 63 శాతం మంది ఓటే వెయ్యలేదు. బద్ధకం అనడం తేలిక. ఆ మాట మన పేటల్లోనూ విన్నదే. ఆ రోజు కరీబియన్ తీరంలో తుపాను. అట్రాటో నది ఒడ్డు ఊళ్లకు పడవే దారి.

ఆ ఒడ్డునే బొహయా, ఎక్కువగా నల్లజాతి బీదలుండే ప్రాంతం. 2002లో చర్చిలో తలదాచుకున్నోళ్ల మీద ఫార్క్ బాంబు పడి 70 మందికి పైగా చచ్చిపోయారు. అక్కడ పడిన ఓట్లలో 96 శాతం ‘కావాలి’. యుద్ధాన్ని టీవీలో చూసినోళ్ల ఓటూ, శవాలు మోసినోళ్ల ఓటూ ఒకే లెక్కలో కలిసిపోయాయి. సవరించిన ఒప్పందాన్ని నవంబరులో పార్లమెంటు ఆమోదించింది. మళ్లీ ఓటు పెట్టలేదు.