దారి తప్పిన రాకెట్‌ను ఆపే పెట్టె: ఆమోదానికి ముందు ఏం రుజువు కావాలి?

2017 మే 25న న్యూజిలాండ్‌లోని మాహియా ద్వీపకల్పం నుంచి రాకెట్ ల్యాబ్ సంస్థ తొలి ఎలక్ట్రాన్ రాకెట్ ఎగిరింది. 224 కిలోమీటర్ల ఎత్తులో దాని సమాచారం నేలకు అందకుండా పోయింది. భద్రతాధికారులు ప్రయోగాన్ని అక్కడికక్కడే ఆపేశారు. తర్వాత విచారిస్తే రాకెట్‌లో ఏ లోపమూ లేదు. కాంట్రాక్టు సంస్థ నడిపిన నేల మీది పరికరంలో ఒక సెట్టింగు సరిగా పెట్టలేదు, అంతే. అయినా అధికారులు చేసింది సబబే. ఎక్కడుందో తెలియని రాకెట్‌ను ఎగరనివ్వడం జనం ప్రాణాలతో చెలగాటం.

రాడార్లు, టెలిమెట్రీ యాంటెన్నాలు, పేల్చివేత ఆదేశం పంపే ట్రాన్స్‌మిటర్లు: దశాబ్దాలుగా ప్రయోగ భద్రత వీటి మీదే నడిచింది. అవి లేని చోటుకు అమెరికాలోని వాలప్స్ కేంద్రం సంచార సామగ్రిని పంపేది. ఇప్పుడు ఆ పనిలో చాలా భాగం రాకెట్‌లోనే ఉండే ఒక పెట్టెకు మారింది. జీపీఎస్ వంటి సాధనాలతో అది తన స్థానం తెలుసుకుంటుంది, ముందే నింపిన హద్దులతో పోల్చుకుంటుంది, దాటితే తానే ప్రయాణం ముగిస్తుంది. ఫాల్కన్ 9 రాకెట్ ఈ పద్ధతిని ప్రధాన వ్యవస్థగా 2017 ఫిబ్రవరి 19న వాడింది. ఎలక్ట్రాన్ 2019 డిసెంబరులో పూర్తిగా దీనికి మారింది.

పెట్టెను ఎక్కడికైనా తీసుకెళ్లవచ్చు. కానీ దాన్ని నమ్మేదెలా?

అత్యంత విశ్వసనీయ భద్రతా వ్యవస్థకు అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ పెట్టిన ప్రమాణం, 95 శాతం నిశ్చయంతో 0.999 విశ్వసనీయత. అంటే వెయ్యింటికి ఒక్క వైఫల్యం. వెయ్యి రాకెట్లు ఎగరేసి చూడలేరు కాబట్టి పరికరాలను కంపనానికి, వేడికి, చలికి, శూన్యానికి గురిచేస్తారు. సాఫ్ట్‌వేర్‌కు దారి తప్పిన ప్రయాణాలను కృత్రిమంగా చూపిస్తారు. నాసా తయారుచేసిన పెట్టె సాఫ్ట్‌వేర్‌లో తప్పులు ఈ దశలోనే బయటపడ్డాయి. వాలప్స్‌లో రాకెట్ ల్యాబ్ వేదిక 2019 చివరికే సిద్ధమైనా, ఆ పెట్టెతో తొలి ఎలక్ట్రాన్ అక్కడి నుంచి ఎగిరింది 2023 జనవరి 24న. ఈ జాప్యం వృథా కాదు. పలు సంస్థలు వాడుకోవాలని రాసిన కోడ్‌లో తప్పు మిగిలితే అది అందరి రాకెట్లలోకీ చేరుతుంది.

పెట్టె ఒక్కటీ సరిగా ఉంటే చాలదని స్టార్‌షిప్ చూపింది. 2023 ఏప్రిల్ 20న పేల్చివేత ఆదేశం వెళ్లాక కూడా ఆ భారీ రాకెట్ ముక్కలవడానికి సుమారు 40 సెకన్లు పట్టింది. నిర్ణయం జరిగింది, పేలుడు పదార్థం బలమే సరిపోలేదు. సెన్సార్ నుంచి పేలుడు దాకా మొత్తం గొలుసును కలిపి పరీక్షించాల్సిందే.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 2010 డిసెంబరు 25న శ్రీహరికోట నుంచి లేచిన జీఎస్‌ఎల్‌వీ అదుపు తప్పితే, నేల నుంచి వెళ్లిన ఆదేశమే దాన్ని బంగాళాఖాతం మీద పేల్చివేసింది. హైదరాబాద్ సంస్థ స్కైరూట్ వంటివి సొంత రాకెట్లతో వస్తున్నాయి, తమిళనాడులోని కులశేఖరపట్నంలో రెండో ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. రేపు ఈ పెట్టెలకు అనుమతి ఇవ్వాల్సి వచ్చినప్పుడు, రాకెట్ తయారీదారుతో సంబంధం లేని బృందమే వాటిని పరీక్షించాలి. కోడ్‌లో ఒక్క వరుస మారినా ఆ పరీక్ష మళ్లీ జరగాలి.